డీడీటీ రోజుల నుంచి డ్రమ్ము మూతల దాకా

వానలు పడే ముందు మా ఊళ్లోకి డీడీటీ, అదే దోమల మందు, కొట్టేవాళ్లు వచ్చేవారు. మా ఊరంటే పెందుర్తి. ఇప్పుడైతే విశాఖపట్నం ఎక్కడ అయిపోయిందో పెందుర్తి ఎక్కడ మొదలైందో చెప్పలేం గానీ, నేను చెబుతున్నది డెబ్బైల చివరి మాట. అప్పటికి ఓ రైల్వే స్టేషను, ఓ సంత, చుట్టూ పొలాలు, అంతే. ముందురోజు సాయంత్రం చాటింపు వేసేవారు: "రేపు మందు కొడతారు, సామాన్లు బయట పెట్టుకోండొహో" అని. మర్నాడు బడి ఎగ్గొట్టడానికి మాకు అంతకంటే మంచి కారణం దొరికేది కాదు.

తెల్లారకముందే ఇల్లంతా వాకిట్లోకి వచ్చేసేది. నులకమంచాలు, బియ్యం డబ్బాలు, ఊరగాయ జాడీలు, ఇత్తడి బిందెలు. జాడీల మీద అమ్మ పాత చీర కప్పి, ఎండ తగలకుండా వేపచెట్టు కిందకి జరిపించేది. పనివాళ్లు ఖాకీ నిక్కర్లలో జంటలుగా వచ్చేవారు. బకెట్లో తెల్లటి నీళ్లు, అందులో దింపిన పంపు. ఒకడు పంపు కొక్కేన్ని కాలితో తొక్కిపట్టి పైకీ కిందకీ కొడుతుంటే, రెండోవాడు పొడుగాటి గొట్టంతో గోడని పైనుంచి కిందకి, మళ్లీ కిందనుంచి పైకి తడిపేవాడు. చుక్క వదలకుండా, వరసగా. గోడ ఆరాక తెల్లటి చారలు మిగిలేవి. వాటిమీద వేలితో పేర్లు రాసుకునేవాళ్లం. అది డీడీటీ అనీ, వేలు నోట్లో పెట్టుకోకూడదనీ మాకు చెప్పినవాళ్లు లేరు.

మా నాయనమ్మ మాత్రం దేవుడి మూలకి కొట్టనిచ్చేది కాదు.

"ఆ మూలకి వద్దు బాబూ. దేవుడి దగ్గిరకి దోమలు రావు."

"మామ్మగారూ, కుట్టేసినాక దోమెళ్లి వాలీది సీకటి మూల్లోనే. మీ దేవుడి మూలకన్నా సీకటి ఈ ఇంట్లో ఎక్కడుందో మీరే సెప్పండి" అనేవాడు గొట్టం పట్టుకున్నాయన.

చివరికి రాజీ కుదిరేది. పటాల మీద పట్టుపంచె కప్పి, నాయనమ్మ బయటికెళ్లి వాకిట్లో కూర్చునేది. మందు మాత్రం పడేది.

ఆయన చెప్పిందాంట్లో ఎంత శాస్త్రముందో చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు తెలీలేదు. మలేరియా దోమ రక్తం తాగాక ఒళ్లు బరువెక్కి ఎక్కువ దూరం ఎగరలేదు. దగ్గర్లోని గోడ మీద వాలి అరిగేదాకా కూర్చుంటుంది. గోడకున్న మందు కాళ్లగుండా ఎక్కి అక్కడే చస్తుంది. అంటే ఈ మందు కుట్టకుండా ఆపేది కాదు, కుట్టిన దోమ ఇంకొకరి దగ్గరికి వెళ్లకుండా ఆపేది. నా ఇంటి గోడకి కొట్టిన మందు పక్కింటివాళ్లని కాపాడేది, వాళ్ల గోడ నన్ను కాపాడేది. ఊళ్లో ఎక్కువ ఇళ్లకి పడితేనే దానివల్ల ఫలితం, ఎక్కడో ఓ ఇంటికి కొట్టించుకుంటే డబ్బు దండగ. నాకు దీన్లో నచ్చింది అదే. కరణంగారి పెంకుటింటికీ, చివరనున్న పేటలో తాటాకు గుడిసెకీ ఒకే బకెట్టు, ఒకే పంపు. రూపాయి ఖర్చు లేదు.

అలాగని అందర్నీ సమానంగా చూశారని చెబితే అబద్ధమే. కరణంగారి అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి "కొట్టమంటారా అండీ" అని అడిగేవారు. పేటలో అడగడాలేం లేవు, తలుపు తోసుకుని పోవడమే. పెద్దిళ్లలో కొందరు "మా ఇంట్లో దోమల్లేవు, సున్నం పాడైపోతుంది" అని పంపించేసేవారు. ఇంకొందరు మందు కొట్టించుకున్న నెలకే పెళ్లనో దసరా అనో గోడలకి వెల్ల వేయించేవారు. దాంతో మందంతా సున్నం కిందకి పోయేది.

నల్లుల గొడవ వేరే. మా అమ్మావాళ్ల చిన్నప్పుడు డీడీటీ కొడితే మంచాల్లో నల్లులన్నీ రాలిపోయేవట. జనం పిలిచి మరీ కొట్టించుకున్నది అందుకేనట, మలేరియా కోసం కాదు. మా కాలానికి నల్లులు దానికి అలవాటుపడిపోయాయి. మందు పడగానే చావకపోగా, చిరాకెత్తి పగలే గోడలమీదకి బారులు తీరేవి. "దోమల సంగతి దేవుడెరుగు, నల్లులకి మాత్రం బలం మందు కొట్టేరు" అనేది నాయనమ్మ. ఆ తర్వాత పనంతా అమ్మదే. నులక కోళ్లలో సలసల కాగే నీళ్లు పొయ్యడం, కిరసనాయిలు రాయడం, కొంచెం డబ్బులుంటే టిక్ ట్వంటీ సీసా తేవడం. ఇది మా ఊరి కథే కాదు. డీడీటీ కొట్టిన చాలా దేశాల్లో జనం పనివాళ్లని గుమ్మంలోంచే తిప్పి పంపడానికి నల్లులు ఓ కారణమయ్యాయి.

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదనీ, ఎనిమిది లక్షలమంది పోయేవారనీ అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం పెట్టారు, 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. అరవైల మధ్యకొచ్చేసరికి ఏడాదికి లక్ష కేసులకి దిగింది. పని అయిపోయిందనుకున్నారు. 1976లో అరవై నాలుగు లక్షల కేసులొచ్చాయి. మా ఇంటి గోడలు మళ్లీ మళ్లీ తడవడం ఆ దెబ్బకే అన్నమాట. తిరగబెట్టడానికి కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అదే డీడీటీని పొలాల్లో పంటల మీద విచ్చలవిడిగా కుమ్మరించారు. దోమలకి అది అలవాటైపోవడానికి అది బాగా తోడ్పడింది. పంట లాభం ఒకరికి, చలిజ్వరం ఇంకొకరికి. పంటలకి వాడటం మన దేశంలో ఆపింది 1989లో. ఈలోపు అది నేలలోకీ, పాలలోకీ, పిట్టల గుడ్లలోకీ చేరిపోయింది. డీడీటీని పొగడటం నా ఉద్దేశం కాదు. అది పోవాల్సిందే. ఇంటింటికీ మనిషి రావడం కూడా దాంతోపాటే పోయింది చూశారూ, నా బాధ అది.

ఆ మనిషిని మేం 'జ్వరాలాయన' అనేవాళ్లం. సైకిల్ మీద పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. "ఎవరికైనా జ్వరమా అమ్మా?" అని గుమ్మం దగ్గరే కేకేసి, ఉందంటే చెక్కపెట్టె తెరిచేవాడు. ఉంగరం వేలికి దూది రాసి, సూదితో చుక్కున పొడిచి, గాజుపలక మీద ఓ పక్క చుక్కని మందంగా తిప్పి, ఇంకో పక్క పల్చగా సాగదీసేవాడు. పలక మూలన పెన్సిలుతో నంబరు. తర్వాత చేదు బిళ్లలు తన ఎదురుగానే మింగించేవాడు. వెళ్లేముందు తలుపు పక్కన గోడమీద గీసిన గళ్లలో తారీఖు వేసి సంతకం చేసేవాడు. రాకుండా వచ్చానని రాసుకోడానికి లేదు, గోడే సాక్షి. మా గోడమీద ఆ గళ్లు నిండిపోతే ఆయనే పక్కన కొత్తవి గీసుకునేవాడు.

మలేరియాని దోమలో మొదట చూసింది మన సికింద్రాబాదులోనే అనీ, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే దొర కనిపెట్టాడనీ నాకు మొదట చెప్పింది ఆ జ్వరాలాయనే, మా బడి మేష్టారు కాదు.

సెలవులకి కంచరపాలెంలో అమ్మమ్మగారింటికి వెళ్లేవాళ్లం. అక్కడ తంతు ఇంకోలా ఉండేది. పట్నంలో గోడలకి కొట్టడం లేదు, నీళ్లమీదే దృష్టి. అమ్మమ్మగారి నూతిలో ఓ మనిషొచ్చి డబ్బాలోంచి సన్నటి చేపపిల్లలు వదిలేవాడు. గంబూసియా అనేవాడు, మేం గంపచేప అనేవాళ్లం. నూతిలో పెరిగే దోమ పిల్లల్ని అవి తినేస్తాయి. పట్నాల్లో మలేరియా తెచ్చే దోమకి నూతులన్నా, మేడల మీద మూతల్లేని ట్యాంకులన్నా ఇష్టం. ఆ మనిషి పూరిళ్ల ముందు గోళెంలో పురుగు కనబడితే అక్కడికక్కడే ఒంచేసేవాడు. వీధి మలుపులో మేడలుండేవి, వాటిమీద ట్యాంకులుండేవి. అక్కడ గేటు దగ్గర ఓ నిమిషం నిలబడి, కుక్క అరిస్తే ముందుకి పోయేవాడు. అమ్మమ్మ అరుగుమీద కూర్చుని ఇదంతా చూసేది. "ఆడికి మాత్రం ఏటి తెలుస్తాది, మెట్లెక్కితే గదా" అనేది.

కంచరపాలెంలో బోదకాలు పరీక్షకి రాత్రుళ్లు రక్తం తీసేవారు. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక, భోంచేసి మంచాలు వేసుకునే వేళకి, వీధి దీపం కింద బల్ల వేసి కూర్చునేవారు. బోదకాలు పురుగు పిల్లలు పగలు లోపలెక్కడో దాక్కుని, రాత్రి పడితే గానీ పైరక్తంలోకి రావు. వాటిని మోసే దోమ కుట్టే వేళా అదే. అందుకే పగలు తీస్తే ఏమీ కనబడదు. పిల్లలకి అదో తిరనాళ్ల సరదా. పెద్దవాళ్లు మాత్రం తప్పించుకు తిరిగేవారు. సూదికి భయపడి కాదు, తర్వాత ఇచ్చే బిళ్లలకి. ఒంట్లో పురుగు ఉన్నవాళ్లకి బిళ్ల పడగానే పురుగులు చచ్చి జ్వరం, తలతిరుగుడు వస్తాయి.

ఆ వీధిలోకి జాలారిపేట నుంచి చేపలమ్ముతూ ఓ పెద్దమ్మ వచ్చేది. తలమీద గంప, గంపలో కవ్వళ్లు, నెత్తళ్లు, దారంతా కారే నీళ్లు. ఎడమకాలు మోకాలి దగ్గర్నుంచి పాదం దాకా ఒకటే లావు, మడమ దగ్గర చర్మం మడతలు పడి ఉండేది. బరువుకి ఆ కాలు ఓ పక్కకి వేసి నడిచేది. "బిళ్లలేసుకోకపోయావా అప్పా" అని అమ్మమ్మ అడిగితే, "జొరమొచ్చి ఓ రోజు కూకుంటే గంప ఎవులెత్తుతారు తల్లీ" అంది. బిళ్ల ఉచితమే. దానికోసం పోగొట్టుకునే కూలి మాత్రం ఉచితం కాదు. మన ప్రభుత్వాలకి నలభై ఏళ్లయినా ఈ ఒక్క ముక్క బుర్రకెక్కదు. అసలు బాగా వాచిపోయిన కాలుకి బిళ్లలతో పెద్దగా తగ్గేదేమీ లేదు. రోజూ సబ్బుతో కడిగి, తుడిచి, రాత్రి ఎత్తు మీద పెట్టుకుంటే జ్వరం, నొప్పి తిరగబెట్టడం తగ్గుతుంది. రోజంతా ఉప్పునీళ్లు కారే గంపకింద తిరిగే మనిషికి అది ఎవరు నేర్పుతారు?

తర్వాత పెళ్లి, పిల్లలు, ఉద్యోగాలు. మధ్యలో మా తమ్ముడు పాడేరు దగ్గర టీచరుగా కొన్నాళ్లు చేశాడు. వాడు బయల్దేరిన రోజు అమ్మ పెట్టెలో మొదట సర్దింది దోమతెర. మన్యంలో ఉద్యోగమంటే మలేరియా వచ్చి తీరుతుందని లెక్క. వచ్చింది కూడా. ఇప్పుడు అక్కడ మందు పట్టించిన దోమతెరలు ఉచితంగా ఇస్తున్నారు, కేసులు అప్పటిలా లేవు. చేస్తే అవుతుందనడానికి అంతకంటే రుజువేం కావాలి.

ఇప్పుడు నేనుండేది మధురవాడలో, ఐదో అంతస్తులో. కిటికీలకి మెష్, ప్లగ్గులో లిక్విడ్, టీవీ పక్కన దోమల బ్యాట్. మూణ్ణెల్లకోసారి పెస్ట్ కంట్రోల్ కుర్రాడొస్తాడు. వంటింటి అరల మూలల్లో ఆవగింజంత జెల్ చుక్కలు పెట్టి, బాత్రూం గొట్టాల్లో స్ప్రే చేస్తాడు. మాస్కు లేదు, గ్లవుజులు లేవు. "అవేవీ ఇవ్వలేదా బాబూ?" అంటే, "ఇచ్చారు మేడమ్, ఒకటే. చిరిగిపోయింది. అయినా ఈ ఉక్కలో అది పెట్టుకుంటే ఊపిరాడదు" అన్నాడు. రోజుకి ఎన్ని ఇళ్లని అడిగితే నవ్వాడు, చెప్పలేదు. బొద్దింకలైతే మా ఫ్లాట్‌లో తగ్గాయి. వారానికి పక్క ఫ్లాట్ ఆవిడ ఫోన్ చేసింది, "మీరు పెస్ట్ కంట్రోల్ చేయించారా? అన్నీ మా ఇంటికొచ్చాయి" అని. గొట్టం ఒకటే కదా మరి.

ఒకప్పుడు ఊరంతా కలిపి చేసిన పని ఇప్పుడు ఎవరి డబ్బుతో వాళ్లు కొనుక్కునే సరుకైంది. కొనుక్కోగలిగినవాళ్లం కిటికీలు బిగించుకున్నాం. దోమలేమీ తగ్గలేదు, కుట్టడానికి వేరే ఇళ్లు వెతుక్కున్నాయి.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయిది ఆరిలోవ వైపు కొండవాలు. విశాఖలో కొండలు ఫొటోల్లో బాగుంటాయి గానీ, కొండమీదకి నీళ్లు ఎక్కించడం మాత్రం కష్టం. కుళాయి కింద వీధిలో ఉంటుంది, అదీ వచ్చినప్పుడే. బిందెలతో మెట్లెక్కి తెచ్చుకుని డ్రమ్ముల్లో నింపుకుంటారు. డెంగీ దోమకి మురుగు అక్కర్లేదు. అలా దాచుకున్న శుభ్రమైన నీళ్లే కావాలి. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే మన రాష్ట్రంలో శుక్రవారం డ్రై డే అని పెట్టారు, వారానికోసారి అన్నీ ఖాళీ చేస్తే దోమ పుట్టదని. లెక్క ప్రకారం ఏ తప్పూ లేదు. కానీ ఆ లెక్కలో కుళాయి రోజూ వస్తుంది.

కిందటి వానాకాలంలో ఆ అమ్మాయికి డెంగీ వచ్చింది. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు ఎక్కించాలి, అడ్వాన్సు కట్టమన్నారట. భయపడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్తే, రక్తస్రావం లేదు, ఎక్కించక్కర్లేదు, నీళ్లు బాగా తాగమని చెప్పి రోజూ పరీక్ష చేశారు. తగ్గింది. పనికి రాని రోజులకి నేను జీతం కోయలేదు. ఆ అమ్మాయి చేసే మిగతా ఇళ్లలో కోశారు.

తిరిగొచ్చాక గిన్నెలు తోముతూ చెప్పింది.

"జొరం తగ్గి ఇంటికెళ్లేసరికి ఒకావిడొచ్చింది మేడమ్. డ్రమ్ములో పురుగులున్నాయని మొత్తం పారబోసేసింది. పొద్దున్న నాలుగింటికి లేచి మా అమ్మ మోసిన నీళ్లు."

"మీరేం అనలేదా?"

"అంటే ఫైనేస్తానంది. మీ ఇంటి మీదున్న ట్యాంకు కూడా చూస్తారా మేడమ్?"

చూడరు. మా గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, రిజిస్టరు ఉంటుంది, వచ్చిన మనిషి దాన్లో సంతకం చేయించుకుని వెళ్లిపోతుంది. ఆవిణ్ణి అనడానికీ నాకు నోరు రాదు. వచ్చే జీతం అంతంతమాత్రం, తిరగాల్సిన ఇళ్లు వందలు. తమాషా ఏంటంటే నీళ్లు పారబోసినంత మాత్రాన పని అవదు. ఆ దోమ గుడ్లు డ్రమ్ము గోడకి అతుక్కుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు పడగానే పగులుతాయి. పీచుతో గట్టిగా తోమాలి, పైన గుడ్డ బిగించి కట్టాలి. నీళ్లు పారబోయించే బదులు ఆ కొండమీద ప్రతి ఇంటికీ ఓ బిగుతు మూత ఇచ్చి ఉంటే ఎంతవుతుంది? దోమలకి పొగ కొట్టే ఆ పొగబండి డీజిలు కన్నా ఎక్కువవుతుందా?

పొగబండి అంటే నాకు ఒళ్లుమంట. ఎవరికో డెంగీ వచ్చి పేపర్లో పడ్డ మర్నాడు, సాయంత్రం పూట, బుసబుసా పొగ వదులుతూ వస్తుంది. పిల్లలు వెనక పరిగెడతారు, నాయకులు ముందు నిలబడి ఫొటో దిగుతారు. ఆ పొగకి చచ్చేది అప్పుడు గాల్లో ఎగురుతున్న దోమ మాత్రమే. డ్రమ్ములో ఈదుతున్న పిల్లకి ఏమీ అవదు. పైగా డెంగీ దోమ పగటిపూట కుట్టేది, ఇళ్లలోపల బట్టల వెనకా మంచాల కిందా దాక్కునేది. 2016లో దోమలపై దండయాత్ర అని రాష్ట్రమంతా చేశారు. ర్యాలీలు బాగానే జరిగాయి. దోమల సంగతి చెప్పక్కర్లేదు.

ఒక్క హుద్‌హుద్ తర్వాత మాత్రం అందరం ఒకటయ్యాం. 2014 అక్టోబరు 12న తుపాను కొట్టింది, కరెంటు రోజుల తరబడి లేదు. ఫ్యాను లేదు, లిక్విడ్ మెషీన్ లేదు, లిఫ్టు లేదు. ట్యాంకరు వస్తే ఐదో అంతస్తు వాళ్లం కూడా బకెట్లతో వరసలో నిలబడ్డాం. తెచ్చిన ప్రతి చుక్కా దాచాం. ఇంట్లో ఖాళీ గిన్నె లేదు. ఆ వారం మమ్మల్ని ఎవరైనా వచ్చి నీళ్లు పారబొయ్యండి అనుంటే తన్ని పంపేవాళ్లం.

మా అపార్ట్‌మెంట్ వెనక గెడ్డ, అంటే కాలువ, ఉంది. అవతలి ఒడ్డున పాతిక, ముప్పై రేకుల ఇళ్లు. సాయంత్రమైతే గెడ్డలోంచి దోమలు రెండు వైపులకీ లేస్తాయి, మాకు మెష్‌లు, వాళ్లకి లేవు. అప్పుడప్పుడూ మున్సిపల్ కాంట్రాక్టు కుర్రాళ్లొచ్చి, గుడ్డలో రంపపుపొట్టు మూటకట్టి వాడేసిన ఆయిల్లో నానబెట్టిన ఉండలు నీళ్లలో వేసి పోతారు. నీళ్లమీద ఆయిల్ పొర కడితే దోమపిల్లలకి ఊపిరాడదు. ఆ కుర్రాళ్ల కాళ్లకి బూట్లుండవు. చెప్పులు కూడా ఒడ్డునే విడిచి దిగుతారు, బురదలో పోతాయని.

అసోసియేషన్ మీటింగులో అడిగాను. మనం ప్రతి ఫ్లాట్‌లో జెల్ పెట్టించడానికీ, సెల్లార్‌లో పొగ పెట్టించడానికీ పోస్తున్న డబ్బులో కొంత గెడ్డకి ఖర్చు పెడదాం. ఆ కుర్రాళ్లకి బూట్లు కొందాం, అవతలి ఒడ్డున డ్రమ్ములకి మూతలు చేయిద్దాం, మన ట్యాంకులు కూడా ఓసారి తెరిచి చూద్దాం అని. ఫ్లాట్‌కి నెలకి యాభై రూపాయలు అవ్వదు. ఓ పెద్దాయన "మంచి మాటేనమ్మా, కానీ అది మన కాంపౌండ్ బయట కదా" అన్నారు. ఇంకొకావిడ, మొదలెడితే వాళ్లకి అలవాటైపోతుందంది. ఇద్దరు మాత్రం ఇస్తామన్నారు. ట్యాంకుల మాట ఎత్తగానే అందరికీ ఏవో ఫోన్లు వచ్చాయి.

వచ్చే నెల మళ్లీ అడుగుతాను. మా సెక్రటరీగారు అప్పుడే నేను లిఫ్టు దగ్గర కనబడితే "డాక్టరు నడవమన్నారమ్మా" అంటూ మెట్లవైపు వెళ్లిపోతున్నారు.